ఆడ బెట్టా చేపల పెంపకం

బెట్టా స్ప్లెండెన్స్ అనే శాస్త్రీయ నామం గల మంచినీటి చేపను తెలుగునాట అలంకార చేపల దుకాణాలలో ఫైటర్ చేప అని వ్యవహరిస్తారు. దీని స్వస్థలం థాయిలాండ్. పొడవైన వాజాలు (రెక్కలు), ముదురు రంగులు గల మగ చేప లోకప్రసిద్ధము. ఆడ చేప పరిమాణంలో చిన్నది, వాజాలు పొట్టివి, ధర కూడా తక్కువ. అందువల్ల దాని పోషణ గురించి శ్రద్ధ వహించేవారు తక్కువ. ఆడ చేపలు పోట్లాడవనీ, ఎన్నింటినైనా ఒకే తొట్టెలో ఉంచవచ్చుననీ, చిన్న గాజు సీసాలో కూడా హాయిగా బ్రతుకుతాయనీ మూడు అపోహలు ప్రచారంలో ఉన్నాయి. ఈ మూడూ సరికావు. ఈ చేప దుర్భరమైన నీటిలో కూడా కొంతకాలం ప్రాణం నిలుపుకోగలదు. అయితే ప్రాణం నిలుపుకోవడం వేరు, ఆరోగ్యంగా జీవించడం వేరు. ఆడ బెట్టా పెంపకంలో గ్రహించవలసిన ముఖ్య విషయం ఇదే.

ఏలూరు, తాడేపల్లిగూడెం, ద్వారకా తిరుమల పరిసరాలలోని నీటి వనరులను, వాతావరణాన్ని దృష్టిలో ఉంచుకొని ఇంటి అక్వేరియంలో ఆడ బెట్టాలను పెంచే విధానం ఈ వ్యాసంలో వివరించబడింది.

శాస్త్రీయ వర్గీకరణ

రాజ్యం: జంతువులు
వర్గం: కార్డేటా
క్రమం: అనబాంటిఫార్మిస్
కుటుంబం: ఆస్ఫ్రోనెమిడే
ప్రజాతి: బెట్టా
జాతి: బెట్టా స్ప్లెండెన్స్

చరిత్ర

థాయిలాండ్ (పూర్వపు సయాం) ప్రజలు ఈ చేపలను శతాబ్దాల తరబడి పందేల కోసం పెంచారు. తెలుగునాట కోడిపందేలు ఎటువంటివో అక్కడ చేపల పందేలు అటువంటివి. 2022లో ప్రచురితమైన జన్యు పరిశోధనల ప్రకారం మానవుడు ఈ చేపను మచ్చిక చేసుకొని కనీసం వెయ్యి సంవత్సరాలు అయినది. 19వ శతాబ్దంలో థియోడర్ కాంటర్ దీనిని వేరొక పేరుతో వర్ణించగా, 1910లో బ్రిటిష్ శాస్త్రవేత్త చార్లెస్ టేట్ రీగన్ ఇప్పటి పేరును స్థిరపరచాడు. 2019లో థాయిలాండ్ ప్రభుత్వం దీనిని తమ జాతీయ జలచరంగా ప్రకటించింది.

పందేల కోసం తరతరాలుగా ఎంపిక చేసిన పోరాట స్వభావం మగ చేపలకే పరిమితం కాలేదు. సంతానానికి తల్లి నుండి కూడా ఆ గుణం సంక్రమిస్తుంది. ఆడ చేపలలోనూ ఆ స్వభావం ఉండడానికి కారణమిదే.

శ్వాసక్రియ - కొల్లేటి చేపలతో పోలిక

బెట్టాకు మొప్పలతో పాటు తలలో, మొప్పలకు పై భాగాన, మడతలు మడతలుగా ఉండే ఒక ప్రత్యేక అవయవం కలదు. దీనిని లాబిరింత్ అవయవం అంటారు. రక్తనాళాలతో నిండిన ఈ మడతల ద్వారా చేప గాలిలోని ప్రాణవాయువును నేరుగా గ్రహిస్తుంది. అందుకే బెట్టా మాటిమాటికీ నీటి పైకి వచ్చి ఒక గుక్క గాలి మ్రింగి తిరిగి లోపలికి పోతుంది. ఇది జబ్బు లక్షణం కాదు, సహజ ప్రవర్తన.

కొల్లేరు ప్రాంతం వారికి ఇది కొత్త విషయం కాదు. కొర్రమీను, మట్టగిడస కూడా ఇదే క్రమానికి చెందిన చేపలు. వాటిలో లాబిరింత్ అవయవం లేకపోయినా, తలలో మొప్పల పైన గాలిని పీల్చుకొనేందుకు గదుల వంటి నిర్మాణాలు ఉంటాయి. చేపల బజారులో బొచ్చె, శీలావతి వంటివి చనిపోయి మంచుగడ్డల మీద ఉండగా, కొర్రమీనులు మాత్రం గిన్నెలో కొద్దిపాటి నీటిలో కదులుతూ కనిపిస్తాయి. వేసవిలో ఎండి బురదగా మారిన గుంటలో సైతం అవి బ్రతికి ఉంటాయి. అంతమాత్రాన బురద గుంట వాటికి ఇష్టమైన నివాసమని ఎవరూ అనుకోరు. వర్షాలు పడి నీరు చేరే వరకు ప్రాణం నిలుపుకొనే ఏర్పాటు మాత్రమే అది. బెట్టా విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. సీసాలో ఉన్న బెట్టా ఎండిన గుంటలోని కొర్రమీను వంటిది.

బెట్టాకు మరింత దగ్గరి బంధువు కూడా దక్షిణ భారతదేశంలో ఉన్నది. సూడోస్ఫ్రోమెనస్ కుపానస్ అనే ఈ చిన్న చేప తీర మైదానాలలోని వరిచేలలో, కాలువలలో నివసిస్తుంది. బెట్టా వలెనే ఇది నురుగు గూడు కడుతుంది. పుదుచ్చేరి వద్ద గల అరియాంకుప్పం నది పేరు మీదుగా దీనికి ఆ పేరు వచ్చింది. బెట్టా ప్రజాతికి చెందిన చేపలు మాత్రం భారతదేశంలో సహజంగా లేవు.

ఆడ చేపను గుర్తించడం

*పరిమాణం: ఎదిగిన ఆడ చేప సాధారణంగా 4 నుండి 6 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. శరీరం మగ చేప కన్నా కొంచెం పొట్టిగా, పొట్ట గుండ్రంగా ఉంటుంది.
*వాజాలు: పృష్ఠ, పుచ్ఛ వాజాలు పొట్టివి. శ్రోణి వాజాలు సన్నగా ఉంటాయి.
*గుడ్ల చుక్క: శ్రోణి వాజాల వెనుక, పొట్ట అడుగున ఉప్పు రవ్వంత తెల్లని చుక్క కనిపిస్తుంది. ఇది గుడ్లు వెలువడే నాళపు కొస. ఎదిగిన ఆడ చేపకు ఇది నమ్మదగిన గుర్తు. చిన్న వయసు మగ చేపలలో కూడా ఒక్కొక్కసారి ఇటువంటి చుక్క ఉంటుంది కనుక పిల్ల చేపల విషయంలో తొందరపడి నిర్ణయించరాదు.
*చారలు: శరీరంపై నిలువు చారలు గుడ్లు పెట్టడానికి సిద్ధంగా ఉన్నదని తెలుపుతాయి. అడ్డంగా, అనగా తల నుండి తోక వరకు సాగే చారలు భయాన్ని లేదా ఒత్తిడిని సూచిస్తాయి. లేత రంగు చేపలలో చారలు బాగా కనిపించవు.

ప్లకాట్ అనే రకంలో మగ చేపకు కూడా వాజాలు పొట్టిగానే ఉంటాయి. దుకాణాలలో ప్లకాట్ మగ చేపను ఆడ చేపగా పొరబడి ఇవ్వడం కద్దు. అటువంటి చేపను మరొక బెట్టాతో కలిపి ఉంచితే రెండింటిలో ఒకటి గాయపడక తప్పదు. కావున కొనే ముందు గుడ్ల చుక్కను పరిశీలించాలి.

తొట్టె

ఒక్క ఆడ చేపకు కనీసం 20 లీటర్ల నీరు పట్టే తొట్టె అవసరం. తొట్టెలో పట్టే నీటిని లెక్కించడం తేలిక. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 1000చే భాగిస్తే లీటర్లు వస్తాయి. ఉదాహరణకు 45 సెం.మీ. పొడవు, 25 సెం.మీ. వెడల్పు, 25 సెం.మీ. ఎత్తు గల తొట్టెలో సుమారు 28 లీటర్లు పడుతుంది. అడుగున పరచే గులకరాళ్ళు, పైన వదిలే ఖాళీ పోగా 22 లేక 23 లీటర్లు మిగులుతుంది. గుండ్రని గాజు బుడ్డిలో సాధారణంగా 3 నుండి 5 లీటర్లకు మించి పట్టదు.

తొట్టె ఎత్తు కన్నా పొడవు, వెడల్పు ముఖ్యం. చేప గాలి కోసం పైకి రావాలి కనుక లోతు తక్కువైతే దానికి శ్రమ తగ్గుతుంది. ఆడ బెట్టా చురుకుగా గెంతగలదు. అందువల్ల తొట్టెకు మూత తప్పనిసరి. అయితే నీటి మట్టానికి, మూతకు మధ్య నాలుగైదు సెంటీమీటర్ల ఖాళీ వదలాలి. మూతలో గాలి ఆడేందుకు సందులు ఉండాలి.

నీటి ప్రవాహం నెమ్మదిగా ఉండే స్పాంజి ఫిల్టర్ ఈ చేపకు అనువైనది. వేగంగా నీరు చిమ్మే ఫిల్టర్లు చేపను అలసటకు గురిచేస్తాయి.

నీరు

అమ్మోనియా సమస్య

చేప విసర్జించే వ్యర్థాల నుండి, తినగా మిగిలిన మేత కుళ్ళడం నుండి అమ్మోనియా పుడుతుంది. ఇది మొప్పలను, చర్మాన్ని దెబ్బతీసే విషం. లాబిరింత్ అవయవం ప్రాణవాయువు కొరతను తట్టుకొనేందుకు మాత్రమే పనికివస్తుంది, అమ్మోనియా నుండి చేపను కాపాడదు. చిన్న సీసాలో చేప ఊపిరాడక చనిపోదు. అమ్మోనియా వల్ల రోజురోజుకూ క్షీణిస్తుంది. పైకి వచ్చి గాలి పీలుస్తూనే ఉంటుంది కనుక చూసేవారికి ఆ క్షీణత తెలియదు.

తొట్టెలో స్థిరపడిన కొన్ని సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైట్‌గాను, మరికొన్ని నైట్రైట్‌ను నైట్రేట్‌గాను మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే. నైట్రేట్ హాని చాలా తక్కువ. దీనిని నత్రజని చక్రం అంటారు. కొత్త తొట్టెలో ఈ సూక్ష్మజీవులు స్థిరపడడానికి సుమారు 4 నుండి 6 వారాలు పడుతుంది. చేపను వదలడానికి ముందే తొట్టెను నీటితో నింపి, ఫిల్టర్ నడిపి, కొద్దిగా మేత వేస్తూ ఈ చక్రాన్ని ఏర్పరచుకోవాలి. ఇప్పటికే ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టెలోని స్పాంజిని కొంత తెచ్చి వేస్తే ఈ కాలం తగ్గుతుంది.

ఫిల్టర్ స్పాంజిని కుళాయి నీటిలో కడగరాదు. అందులోని క్లోరిన్ వల్ల సూక్ష్మజీవులు నశిస్తాయి. తొట్టె నుండి తీసిన నీటిలోనే దానిని పిండి తిరిగి అమర్చాలి. వారానికి ఒకసారి నాలుగో వంతు నీటిని మార్చడం చాలు. మొత్తం నీటిని ఒకేసారి పారబోసి తొట్టెను తోమి కడగడం మంచిది కాదు.

కాలువ నీరు, బోరు నీరు

ఏలూరు నగరం కృష్ణా, గోదావరి కాలువలు కలిసే చోట ఉన్నది. డెల్టా గ్రామాలలో కాలువ నీటిని చెరువులకు నింపి, శుద్ధి చేసి సరఫరా చేస్తారు. ద్వారకా తిరుమల మెట్ట ప్రాంతం. మెట్ట గ్రామాలలో బోరు నీటి వాడకం ఎక్కువ. తాడేపల్లిగూడెం ఈ రెండు ప్రాంతాల సరిహద్దున ఉన్నది. కొల్లేటి చుట్టుప్రక్కల భూగర్భజలం చాలాచోట్ల ఉప్పగా ఉంటుంది. కాబట్టి ఒకే జిల్లాలో రెండు ఇళ్ళలోని నీరు ఒకే తీరుగా ఉండదు.

*కాలువ నీటి సరఫరా: శుద్ధి కోసం బ్లీచింగ్ పౌడరు కలుపుతారు. అందులోని క్లోరిన్ చేపకు హానికరం. వెడల్పైన పాత్రలో 24 గంటల పాటు తెరచి ఉంచితే క్లోరిన్ పోతుంది. తొందరగా కావలసినపుడు అక్వేరియం దుకాణాలలో లభించే సోడియం థయోసల్ఫేట్ ద్రావణం వాడవచ్చు.
*కాలువలో నుండి నేరుగా తెచ్చిన నీరు: పొలాల నుండి వచ్చే పురుగుమందులు, చేపల చెరువుల నుండి వదిలే మురుగు కలిసి ఉండవచ్చు. వాడరాదు.
*బోరు నీరు: క్లోరిన్ ఉండదు. కాని లవణాలు, క్షారత ఎక్కువగా ఉండవచ్చు. పరీక్షించి వాడాలి.
*ఉప్పు నీరు: బెట్టా మంచినీటి చేప. ఉప్పదనం తెలిసే నీరు పనికిరాదు. తాగునీటి శుద్ధి యంత్రం నుండి వచ్చే నీటిని సగపాలు కలిపి లవణాలను తగ్గించవచ్చు. పూర్తిగా ఆ నీరే వాడితే అవసరమైన ఖనిజాలు కూడా లోపిస్తాయి.

బెట్టాకు పీహెచ్ 6.5 నుండి 7.5 వరకు అనుకూలం. నిలకడగా ఉంటే 8 వరకు కూడా అలవాటు పడుతుంది. అయితే క్షారత పెరిగిన కొద్దీ అమ్మోనియా విషతీవ్రత పెరుగుతుందని గుర్తుంచుకోవాలి. నీటిలో అమ్మోనియా రెండు రూపాలలో ఉంటుంది. ఒకటి విషపూరితమైన స్వేచ్ఛా అమ్మోనియా, రెండవది అంతగా హాని చేయని అమ్మోనియం అయాను. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద పీహెచ్ 7 గల నీటిలో మొత్తం అమ్మోనియాలో స్వేచ్ఛా అమ్మోనియా సుమారు 0.6 శాతం మాత్రమే. పీహెచ్ 8 వద్ద అది 5 శాతం దాటుతుంది. అంటే అదే చేప, అదే మేత, అదే తొట్టె అయినా, క్షార జలంలో ప్రమాదం దాదాపు 10 రెట్లు. వేడి పెరిగినా ఈ శాతం పెరుగుతుంది. వేసవిలో బోరు నీటి తొట్టెలకు ఎక్కువ జాగ్రత్త అవసరమనడానికి కారణమిదే.

ఉష్ణోగ్రత

24 నుండి 28 డిగ్రీల సెల్సియస్ ఈ చేపకు అనువైన ఉష్ణోగ్రత. ఏలూరు ప్రాంతంలో సంవత్సరంలో చాలా భాగం హీటర్ అవసరం ఉండదు. డిసెంబరు, జనవరి నెలల రాత్రులలో ఉష్ణోగ్రత 20 డిగ్రీల లోపునకు దిగే రోజులు ఉంటాయి. అప్పుడు చేప మందకొడిగా మారి మేత మానుతుంది, రోగనిరోధక శక్తి తగ్గుతుంది. ఆ రెండు నెలలు 25 లేక 50 వాట్ల హీటరు అమర్చుకోవడం మంచిది. నీటి ఉపరితలం పైన గాలి కూడా మరీ చల్లగా ఉండరాదు.

మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు తొట్టెను కిటికీకి, పడమటి గోడకు దూరంగా ఉంచాలి. నీటి ఉపరితలంపై ఫ్యాను గాలి తగిలేలా చేస్తే ఆవిరి కావడం వల్ల నీరు రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. మంచుగడ్డలు నేరుగా వేయరాదు. ఉష్ణోగ్రత ఒక్కసారిగా మారడం వేడి కన్నా ప్రమాదకరం. విద్యుత్తు కోత వల్ల ఫిల్టర్ ఆగినపుడు గాలి పీల్చే బెట్టాకు వెంటనే అపాయం లేదు. కాని ఫిల్టర్‌లోని సూక్ష్మజీవులకు ప్రాణవాయువు అందదు. కోత ఎక్కువసేపు ఉంటే ఆ పూట మేత వేయకుండా ఉండడం ఉత్తమం.

మొక్కలు, బాదం ఆకు

ఆడ బెట్టా మొక్కల మధ్య దాగి, ఆకుల మీద విశ్రమించే అలవాటు గలది. హైడ్రిల్లా, జావా ఫెర్న్, నీటిపై తేలే అంతరతామర వంటివి అనుకూలమైనవి. అంతరతామర కొల్లేటి కాలువలలో విరివిగా లభిస్తుంది. అయితే బయటి నుండి తెచ్చిన మొక్కలను శుభ్రంగా కడిగి, వేరే బకెట్టులో రెండు వారాలు ఉంచి, నీరు మార్చుతూ గమనించిన తరువాత మాత్రమే తొట్టెలో వేయాలి. వాటితో పాటు పురుగుమందుల అవశేషాలు, జలగలు, ఇతర కీటకాలు వచ్చే ప్రమాదం ఉంది. ప్లాస్టిక్ మొక్కల పదునైన అంచులు వాజాలను చీల్చుతాయి.

కోస్తా ఆంధ్రలో విస్తళ్ళు కుట్టేందుకు వాడే బాదం చెట్టు ఆకు బెట్టా పెంపకందార్లు ప్రపంచమంతటా వాడే వస్తువు. ఎండి, దానంతట అదే రాలిన ఆకును కడిగి నీటిలో వేస్తే అందులోని టానిన్లు నీటికి తేనీటి రంగునిస్తాయి. నీరు స్వల్పంగా ఆమ్లత్వం పొందుతుంది. ఈ వర్ణజలం చేప సహజ నివాసాన్ని పోలి ఉండి దాని భయాన్ని తగ్గిస్తుంది. 20 లీటర్లకు అరచేయంత ముక్క సరిపోతుంది. దుకాణాలలో దీనిని కొనవలసిన అవసరం లేదు. అయితే వాహనాల రద్దీ గల రహదారి ప్రక్కన, పురుగుమందు చల్లిన తోటలలో రాలిన ఆకులను తీసుకొనరాదు.

ఆహారం

బెట్టా మాంసాహారి. పుష్కరిణులలోని చేపలకు మరమరాలు వేయడం తెలుగునాట ఆచారం. ఇంటి తొట్టెలోని బెట్టాకు మరమరాలు, అన్నం, రొట్టె వేయడం తగదు. అవి దానికి జీర్ణం కావు, నీటిని కూడా పాడుచేస్తాయి.

*గుళికల మేత: మాంసకృత్తులు అధికంగా ఉన్న బెట్టా గుళికలు రోజుకు రెండు పూటలా, పూటకు రెండు లేక మూడు చాలు. చేప కడుపు సుమారు దాని కంటి పరిమాణంలో ఉంటుందని పెంపకందార్లు గుర్తుగా చెబుతారు.
*దోమ లార్వాలు: బెట్టాకు అత్యంత ప్రీతికరమైన ఆహారం. మురుగు కాలువ నుండి కాక శుభ్రమైన నీటి తొట్టెలో పెరిగిన లార్వాలను వలతో వడగట్టి వేయాలి. చేప తినగలిగినన్ని మాత్రమే వేయాలి. మిగిలినవి దోమలుగా మారి ఇంటివారిని బాధిస్తాయి.
*ఆర్టీమియా, డాఫ్నియా: ఆర్టీమియాను రొయ్య పిల్లల హేచరీలలో విరివిగా వాడతారు కనుక కోస్తా జిల్లాలలో దాని గురించి చాలామందికి తెలుసు. డాఫ్నియా మలబద్ధకాన్ని నివారిస్తుంది.
*ట్యూబిఫెక్స్ పురుగులు: మురుగునీటిలో పెరుగుతాయి. రోగకారక క్రిములు ఉండే అవకాశం ఉన్నందున వాడకపోవడం మంచిది.

వారానికి ఒకరోజు ఉపవాసం ఉంచడం మేలు. ఆడ చేపలు మేత విషయంలో ఆత్రం ఎక్కువ గలవి. మనుషులను చూడగానే తొట్టె ముందుకు వచ్చి ఊగుతాయి. దానిని ఆకలిగా భావించి ప్రతిసారీ మేత వేయడం వల్ల అనేక చేపలు జబ్బుపడుతున్నాయి.

గుంపుగా పెంచడం

రెండు మగ చేపలను ఒకచోట ఉంచరాదని అందరికీ తెలుసు. ఆడ చేపల విషయంలో అటువంటి జాగ్రత్త అవసరం లేదని చాలామంది భావిస్తారు. వాస్తవానికి ఆడ చేపలు కూడా హద్దులు ఏర్పరచుకొని పోట్లాడతాయి. మగ చేపల పోట్లాట వెంటనే బయటపడుతుంది. ఆడ చేపల పోట్లాట వారాల తరబడి నెమ్మదిగా సాగుతుంది. బలమైన చేప బలహీనమైన దానిని మేత దగ్గరకు రానివ్వదు. వెంటాడుతూ అలసిపోయేలా చేస్తుంది. ఒక ఉదయం ఆ చేప చనిపోయి కనిపిస్తుంది. యజమాని దానిని జబ్బుగా భావిస్తాడు.

రెండు లేక మూడు ఆడ చేపలను కలిపి ఉంచడం అన్నింటికన్నా ప్రమాదకరం. బలమైన చేప కోపమంతా ఒక్క చేప మీదనే పడుతుంది. గుంపుగా పెంచదలచినవారు ఈ క్రింది నియమాలు పాటించాలి.

*కనీసం 80 లీటర్ల తొట్టె, అందులో 5 లేక 6 చేపలు ఉండాలి.
*వీలైనంతవరకు ఒకే ఈతకు చెందిన, కలిసి పెరిగిన, సమాన పరిమాణం గల చేపలను ఎంచుకోవాలి.
*అన్నింటినీ ఒకేసారి వదలాలి. స్థిరపడిన గుంపులో కొత్త చేపను చేర్చరాదు.
*ఒక చివర నుండి మరొక చివర కనిపించనంత దట్టంగా మొక్కలు, దాగుకొనే చోట్లు ఉండాలి.
*మేతను తొట్టెలో రెండు మూడు చోట్ల వేయాలి.
*గాయపడిన లేదా తరమబడిన చేపను వెంటనే వేరుచేయడానికి సిద్ధంగా విడి తొట్టె ఉండాలి.

చిరిగిన వాజాలు, ఊడిన పొలుసులు, ఎప్పుడూ మూలన లేదా ఫిల్టర్ వెనుక దాగి ఉండడం, అడ్డచారలు, మేతకు రాకపోవడం ఇబ్బందికి సూచనలు. నెలల తరబడి శాంతంగా ఉన్న గుంపు కూడా ఒక్కసారిగా చెదిరిపోవచ్చు. ఈ కారణాల వల్ల, మొదటిసారి పెంచేవారు ఒక్క ఆడ చేపను విడిగా పెంచడమే శ్రేయస్కరం. ఒంటరితనం బెట్టాకు లోపం కాదు. అది సహజంగానే తన హద్దులో తాను జీవించే చేప.

తోడుగా ఇతర జాతులను ఉంచదలచినవారికి 50 లీటర్లకు పైబడిన తొట్టెలో కోరీడోరస్, హార్లెక్విన్ రాస్బోరా, నత్తలు అనుకూలమైనవి. వాజాలు కొరికే టైగర్ బార్బ్, స్వజాతిని పోలిన గౌరామీలు తగవు.

గుడ్లతో ఉన్న చేప, జబ్బుపడిన చేప

ఆడ చేప పొట్ట ఉబ్బడానికి మూడు ముఖ్య కారణాలు గలవు. ఈ మూడింటినీ వేరుచేసి గుర్తించడం ముఖ్యం.

*గుడ్లు: పొట్ట రెండు ప్రక్కలా సమానంగా గుండ్రంగా ఉంటుంది. లేత రంగు చేపలో పసుపు ఛాయ కనిపించవచ్చు. చేప చురుకుగా ఉండి మేత తింటుంది. ఇది జబ్బు కాదు. మగ చేప లేకపోయినా ఆడ చేపలో గుడ్లు తయారవుతాయి. కొన్నిసార్లు వాటిని విడిచి తానే తింటుంది, లేదా శరీరంలోనే ఇముడ్చుకుంటుంది. ఇందుకోసం మగ చేపను తేవలసిన పనిలేదు.
*మలబద్ధకం: మేత ఎక్కువైనపుడు వస్తుంది. చేప ఒక ప్రక్కకు ఒరగవచ్చు, ఈదడం కష్టం కావచ్చు. రెండు రోజులు ఉపవాసం ఉంచి తరువాత డాఫ్నియా ఇస్తే సాధారణంగా తగ్గుతుంది.
*నీరుపట్టడం: డ్రాప్సీ అంటారు. పై నుండి చూస్తే పొలుసులు నిక్కబొడుచుకొని ఉంటాయి. మూత్రపిండాలు దెబ్బతిన్నాయనడానికి ఇది సూచన. ఈ దశలో కోలుకొనే చేపలు తక్కువ.

ఇవికాక తెల్ల మచ్చల వ్యాధి (ఉప్పు చల్లినట్లు మచ్చలు), వెల్వెట్ (బంగారు ధూళి వంటి పూత), వాజాలు కుళ్ళడం సాధారణంగా కనిపించే వ్యాధులు. వాజాలు కుళ్ళడానికి మూలకారణం చాలావరకు నీటి అపరిశుభ్రత. మందు వేయడానికి ముందు నీటిని పరీక్షించి, నాలుగో వంతు మార్చి చూడాలి. తొలిదశలో పరిశుభ్రమైన నీరే ఔషధం.

కొల్లేరు పరిసరాలలో చేపల, రొయ్యల చెరువులకు మందులు అమ్మే దుకాణాలు చాలా ఉన్నాయి. ఆ మందుల మోతాదు ఎకరాల లెక్కన నిర్ణయించబడినది. దానిని 20 లీటర్లకు సరిగా కుదించడం గృహస్థులకు సాధ్యం కాదు. ముఖ్యంగా యాంటీబయోటిక్ మందులను అంచనాగా వేయడం వల్ల చేప చనిపోవడమే కాక, తొట్టెలోని మేలు చేసే సూక్ష్మజీవులు నశిస్తాయి. మందుకు లొంగని క్రిములు పెరిగే ప్రమాదం కూడా కలదు.

మంచి పోషణలో ఆడ బెట్టా 2 నుండి 4 సంవత్సరాలు జీవిస్తుంది. దుకాణానికి వచ్చే నాటికే దాని వయసు కొన్ని నెలలు ఉంటుంది.

సంతానోత్పత్తి

మగ చేప నీటి ఉపరితలంపై నురుగు గూడు కడుతుంది. సిద్ధంగా ఉన్న ఆడ చేప నిలువు చారలతో, తల వంచి గూడును సమీపిస్తుంది. మగ చేప ఆడ చేపను చుట్టుకొన్నపుడు గుడ్లు వెలువడతాయి. మగ చేప వాటిని నోటితో ఏరి గూటిలో చేరుస్తుంది. మొత్తం మీద కొన్ని వందల గుడ్లు ఉండవచ్చు. ఈ కార్యం ముగిసిన వెంటనే ఆడ చేపను వేరుచేయాలి. లేనిచో మగ చేప దానిని తీవ్రంగా గాయపరుస్తుంది. గుడ్లను, పిల్లలను కాపాడే బాధ్యత మగ చేపదే. ఒకటి రెండు రోజులలో గుడ్లు పొదుగుతాయి. పిల్లలలో లాబిరింత్ అవయవం కొన్ని వారాల తరువాతనే ఏర్పడుతుంది. అంతవరకు అవి మొప్పలపైనే ఆధారపడతాయి.

వందల పిల్లలలో మగవాటిని ఒక్కొక్కటిగా వేరు తొట్టెలలో పెంచవలసి వస్తుంది. ఆ ఏర్పాటు లేనివారు ఈ ప్రయత్నం చేయకపోవడం మంచిది.

బయటి నీటిలో వదలరాదు

ఊరు మారినపుడు, ఆసక్తి తగ్గినపుడు పెంపుడు చేపలను చెరువులోనో కాలువలోనో వదలడం పుణ్యమని కొందరి భావన. ఇది చేపకూ, చెరువుకూ కూడా మేలు చేయదు. కొల్లేరు సరస్సు 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించబడింది. 2002లో రామ్‌సర్ ఒప్పందం క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యత గల చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. ఏలూరు, తాడేపల్లిగూడెం పరిసరాలలోని అనేక డ్రెయిన్లు, వాగులు చివరకు కొల్లేటికే చేరుతాయి. ఇంటి ముందు కాలువలో వదిలిన చేప సరస్సును చేరడం అసాధ్యమేమీ కాదు.

గాజు తొట్టెలను శుభ్రం చేస్తుందని దిగుమతి చేసుకొన్న దక్షిణ అమెరికా సక్కర్ క్యాట్‌ఫిష్ ఇదే విధంగా బయటపడి ఆంధ్రప్రదేశ్ నదులు, చెరువులలో వ్యాపించింది. డెవిల్ ఫిష్ అనే పేరుతో అది వార్తలకెక్కింది. వలలను చింపి, స్థానిక చేపలకు పోటీగా మారి మత్స్యకారులకు నష్టం కలిగిస్తున్నది. బెట్టా కూడా ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతంలోని అడిలైడ్ నదీ పరీవాహకంలో స్థిరపడింది. వెచ్చని నీరు, దట్టమైన మొక్కలు, తక్కువ ప్రాణవాయువు గల కొల్లేటి అంచులు గాలి పీల్చే ఈ చేపకు అనువైన చోట్లు. ఇంట్లో పెంచలేని చేపను దుకాణానికి తిరిగి ఇవ్వాలి, లేదా మరొక పెంపకందారునికి అప్పగించాలి. తొట్టెలోని నీటిని, మొక్కలను కూడా కాలువలో పారవేయరాదు. నీటిని పెరటి మొక్కలకు పోయవచ్చు, మొక్కలను ఎండబెట్టి ఎరువులో కలపవచ్చు.

ఇవి కూడా చూడండి

*కొల్లేరు సరస్సు
*కొర్రమీను
*అక్వేరియం
*బాదం చెట్టు
*నత్రజని చక్రం